నడుముకు నీళ్లు కట్టుకుని పరుగు: హైడ్రేషన్ బెల్ట్ తయారీ డైరీ

హైదరాబాద్‌లో హాఫ్ మారథాన్‌కో ఫుల్ మారథాన్‌కో సాధన చేసేవాళ్లకు నీళ్లు పెద్ద సమస్య. రేసు రోజు దారి పొడవునా నీళ్ల స్టాళ్లు ఉంటాయి. సాధన రోజుల్లో తెల్లవారుజామున నాలుగున్నరకు గండిపేట వైపు వెళ్తే ఒక్క టీకొట్టు కూడా తెరిచి ఉండదు. సీసా చేత్తో పట్టుకుని పరిగెడితే భుజం ఒకవైపు లాగుతుంది. వీపు బ్యాగులో రెండు లీటర్లు పడతాయి కానీ ఏప్రిల్‌లో వీపంతా ఉడికిపోతుంది. అందుకని నడుము బెల్ట్. ఎవరైనా ఇదే కుట్టించుకోవాలనుకుంటే కొలతలు, ఖర్చులు, ఎక్కడ ఏది చెడిందో అన్నీ కింద ఉన్నాయి.

బెల్ట్ నుంచి కోరుకున్నవి నాలుగే. మధ్యలో నింపుకోకుండా 8 కి.మీ. సరిపోయే నీళ్లు పట్టాలి. పరుగులో ఒక సెంటీమీటరుకు మించి ఎగరకూడదు. మూడు గంటలు కట్టుకున్నా చర్మం ఒరుసుకోకూడదు. ఊళ్లో దొరికే సామానుతో కుట్టగలగాలి.

దశ 1: ముందు చెమట కొలత

చాలామంది ముందు బెల్ట్ కొంటారు, తర్వాత అందులో ఎంత పడితే అంత తాగుతారు. దీన్ని తిప్పి చేయాలి. గంటకు ఎంత చెమట పోతోందో తెలిస్తేనే ఎంత మోయాలో తేలుతుంది.

1. మూత్రానికి వెళ్లి వచ్చి, బట్టల్లేకుండా బరువు చూసుకోవాలి. 100 గ్రాముల తేడా చూపించే ఎలక్ట్రానిక్ మిషన్ చాలు.
2. తాగబోయే సీసాని వంటింటి త్రాసు మీద తూచి రాసుకోవాలి. నీళ్లు ఒక గ్రాము అంటే ఒక మి.లీ.
3. మామూలు వేగంతో గంటన్నర పరుగు. మధ్యలో మూత్రానికి వెళ్తే లెక్క చెడుతుంది, మరో రోజు చేయాలి.
4. రాగానే ఒళ్లు తుడుచుకుని మళ్లీ బట్టల్లేకుండా బరువు. తడిసిన టీషర్టులోనే చాలా చెమట ఉండిపోతుంది, దాంతో తూగితే అంకె తప్పు వస్తుంది.
5. తగ్గిన బరువుకు తాగిన నీళ్లు కలిపి, గంటలతో భాగించాలి.

ఏప్రిల్ ఉదయం: 68.4 కిలోల నుంచి 67.1కి. తాగింది 400 మి.లీ. మొత్తం పోయింది 1.7 లీటర్లు, అంటే గంటకు సుమారు 1.1 లీటరు.

డిసెంబరు ఉదయం, అదే దారి, అదే వేగం: 68.2 నుంచి 67.4కి. తాగింది 300 మి.లీ. గంటకు సుమారు 0.7 లీటరు.

పోయిందంతా తాగి పూడ్చాలనుకోవడం ప్రమాదం. 2002 బోస్టన్ మారథాన్‌లో పరిగెత్తినవాళ్ల రక్తం పరీక్షించి చేసిన అధ్యయనం 2005లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. నమూనాలు ఇచ్చిన 488 మందిలో 13 శాతం మందికి రక్తంలో సోడియం ఉండాల్సినదానికంటే తక్కువైంది. పరుగు ముగిసేసరికి బరువు పెరిగినవాళ్లలో, అంటే పోయినదానికంటే ఎక్కువ తాగినవాళ్లలో, ఇది బాగా కనిపించింది. ముదిరితే మెదడు వాస్తుంది, ప్రాణం మీదికి వస్తుంది. నాలుగైదు గంటలు నెమ్మదిగా పరిగెత్తుతూ ప్రతి స్టాలు దగ్గరా తాగేవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ. మన రన్నింగ్ గ్రూపుల్లో 'తాగండి, తాగండి' అనడమే తప్ప ఈ మాట ఎవరూ చెప్పడం లేదు. అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను.

అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ 2007లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మారథాన్ పరుగుకు గంటకు 400 నుంచి 800 మి.లీ. మొదలుపెట్టి చూసుకోమని ఉంది. చిన్న శరీరం, నెమ్మది వేగం, చల్లటి వాతావరణం అయితే తక్కువ వైపు. పరుగులో పోయే బరువు 2 శాతం దాటకుండా చూసుకోవడం దాని ఉద్దేశం. నా వేగం కిలోమీటరుకు ఆరున్నర నిమిషాలు. 8 కి.మీ.కి 52 నిమిషాలు. ఆ వ్యవధికి 500 మి.లీ. సరిపోతుంది. బెల్ట్ పరిమాణం అక్కడ తేలింది. రెండు సీసాలు, ఒక్కోటి 250 మి.లీ.

దశ 2: ఒకే పెద్ద సీసా బెల్ట్

తోటి రన్నర్ దగ్గర రెడీమేడ్ బెల్ట్ తీసుకుని చూశాను. నడుము వెనక మధ్యలో 600 మి.లీ. గుండ్రటి సీసా, చుట్టూ సన్నటి సాగే పట్టీ.

ఎగిరేది కళ్లతో చూస్తే అంచనా తప్పుతుంది కాబట్టి కొలిచే పద్ధతి ఒకటి పెట్టుకున్నాను. నిక్కరు మీద నిలువుగా తెల్ల టేపు అంటించి సెంటీమీటరుకో గీత గీశాను. బెల్ట్ అంచున ఎర్ర చుక్క. జిమ్‌లో ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తుతుంటే పక్కనుంచి ఫోన్‌తో స్లో మోషన్ వీడియో తీయించాను. చుక్క ఏ గీత నుంచి ఏ గీత దాకా పోతోందో వీడియో ఆపి లెక్కపెట్టొచ్చు.

నిండు సీసాతో 4 సెం.మీ. సగం తాగాక ఎత్తు అంతే ఉంది కానీ కుడి ఎడమలకు ఊగడం కొత్తగా మొదలైంది. లోపలి నీళ్లు కొట్టుకుంటున్నాయి. నిమిషానికి 170 అడుగులు అంటే సెకనుకు దాదాపు మూడు. అడుగు అడుగుకీ అరకిలోకు పైగా బరువు వెన్ను మీద తట్టినట్టే. మరో దోషం, సీసా గుండ్రంగా ఉండటంతో శరీరానికి దూరంగా పొడుచుకొచ్చింది. బరువు ఒంటికి ఎంత దూరమైతే బెల్ట్‌ని అంతగా మెలిపెడుతుంది.

ఎగరకుండా బిగిస్తే పొట్ట నొక్కుకుపోయి, నాలుగు కిలోమీటర్లకే పక్కటెముకల కింద పోటు.

దీన్నుంచి తేలింది: సీసాలు రెండు ఉండాలి, బల్లపరుపుగా ఉండాలి, పట్టీ వెడల్పుగా ఉండాలి, పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీద కూర్చోవాలి.

ఇప్పటిదాకా లెక్క: ఖర్చు లేదు.

దశ 3: పూర్తి ఎలాస్టిక్ బెల్ట్

సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో టైలరింగ్ సామాన్ల కొట్లలో 50 మి.మీ. వెడల్పు ఎలాస్టిక్ దొరుకుతుంది. రెండు బల్లపరుపు సీసాలు, పిస్టన్ మూతలవి (లాగితే తెరుచుకుని, నొక్కితే మూసుకునేవి), విడిగా కొన్నాను. మెత్తగా ఉండి నొక్కితే లోపలికి పోయే రకమే కొనాలి. ఎందుకో దశ 4లో ఉంది.

ఎలాస్టిక్ ఒకటిన్నర మీటరు: రూ. 60
ప్లాస్టిక్ క్లిప్ బకిల్: రూ. 30
దారం: రూ. 25
కుట్టుకూలి: రూ. 80
సీసాలు రెండు: రూ. 500
మొత్తం: రూ. 695

సీసాల జేబులు పాత ల్యాప్‌టాప్ సంచి నుంచి కత్తిరించాను. ఆ సంచిది నియోప్రీన్ అనే రబ్బరు గుడ్డ, మెత్తగా సాగుతుంది, తడిసినా పట్టు వదలదు.

ఫలితం: 3.5 సెం.మీ. రెడీమేడ్ దానికంటే అరసెంటీమీటరు మేలు, అంతే. పైగా 5 కి.మీ. తిరిగేసరికి బెల్ట్ తుంటి మీద నుంచి బొడ్డు దాకా పాకింది. నడుము తుంటికంటే సన్నం కదా, సాగే పట్టీ ఎప్పుడూ సన్నటి చోటికే పాకుతుంది.

బ్యాగులు రిపేరు చేసే అన్న దగ్గరికి తీసుకెళ్తే, చేత్తో లాగి చూసి ఒక్క మాటలో తేల్చేశాడు. "తమ్మీ, బరువు ఉన్నకాడ ఎలాస్టిక్ ఎందుకు పెట్టినవ్? ఎన్క గట్టి పట్టీ ఎయ్యి. ఎలాస్టిక్ పక్కలకే సాలు."

ఈ ప్రాజెక్టు మొత్తంలో అతి విలువైన సలహా అదే. రబ్బరుకు కట్టిన బంతి ఎలా ఎగురుతుందో ఎలాస్టిక్ మీద కూర్చున్న సీసా అలా ఎగురుతుంది. బరువు ఉన్న భాగం అసలు సాగకూడదు. ఊపిరికి, తొడ కదలికకు కావలసిన సాగుదల మాత్రం పక్కల చిన్న ముక్కలు ఇస్తే చాలు.

దశ 4: వెనక గట్టి పట్టీ, పక్కల ఎలాస్టిక్

బ్యాగుల పట్టీల్లో నైలాన్, పాలిస్టర్ రెండూ అమ్ముతారు. నైలాన్ నీళ్లు పీల్చుకుని కొంచెం సాగుతుంది. పాలిస్టర్ దాదాపు పీల్చుకోదు. చెమటలో మూడు గంటలు నానే వస్తువుకు పాలిస్టరే మంచిది. దారం కూడా పాలిస్టరే. దశ 3లో వాడిన నూలు దారం చెమటకు తడిసి, ఆరి, కొన్ని వారాల్లోనే జేబు మూల దగ్గర తెగింది.

తుంటి ఎముకల మీదుగా చుట్టుకొలత 86 సెం.మీ. టేపు పెట్టేటప్పుడు పొట్ట లోపలికి పీల్చకూడదు, మామూలుగా ఊపిరి వదిలి కొలవాలి.

1. వెనక పాలిస్టర్ పట్టీ, 50 మి.మీ. వెడల్పు: 36 సెం.మీ.
2. పక్కల ఎలాస్టిక్ ముక్కలు: 10 సెం.మీ. చొప్పున రెండు. కట్టుకున్నప్పుడు 14 దాకా సాగుతాయి.
3. ముందు పట్టీ, బకిల్‌తో కలిపి: 22 సెం.మీ. బిగించుకునే సర్దుబాటు బకిల్ కుడివైపు.
4. 36, 28, 22 కలిపితే 86. కుట్టులోకి పోయే భాగానికి ప్రతి అతుకు దగ్గరా 2.5 సెం.మీ. ఎక్కువ కత్తిరించాలి.
5. ప్రతి అతుకునూ చతురస్రంగా కుట్టి, మధ్యలో ఇంటూ మార్కు వేయించాలి. ఒక్క వరుస కుట్టు ఆగదు.
6. జేబులు వెన్నెముకకు అటూ ఇటూ, మధ్యలో నాలుగు వేళ్ల ఖాళీ వదిలి. సీసా మెడ బయటివైపు వాలేట్టు కొంచెం ఏటవాలుగా కుట్టాలి. నిటారుగా ఉంటే చెయ్యి వెనక్కి మెలితిప్పాల్సి వస్తుంది.

ఈ బెల్ట్ కోసం పట్టీ రూ. 60, సర్దుబాటు బకిల్ రూ. 10, కూలి రూ. 150. ఎలాస్టిక్, క్లిప్, జేబులు పాతదాని నుంచే తీశాం.

ఇప్పటిదాకా లెక్క: ఖర్చు రూ. 915. బెల్ట్ 118 గ్రాములు, ఖాళీ సీసాలు 76, నీళ్లు 500. మొత్తం 694 గ్రాములు.

ట్రెడ్‌మిల్ మీద మొదటి కొలత: నిండు సీసాలతో 1.2 సెం.మీ. సగం తాగాక 1.8. సగం సీసాలో నీళ్లు కొట్టుకోవడమే ఆ తేడాకు కారణం. మెత్తటి సీసాతో దీనికి మందు సులువు. తాగాక మూత తెరిచి ఉండగానే సీసాని నొక్కి గాలి బయటకు పంపి, అలాగే మూత నొక్కేయాలి. లోపల గాలి లేకపోతే నీళ్లు కదిలే చోటుండదు. గాలి తీసేశాక సగం సీసాలతో 0.9 వచ్చింది. గట్టి ప్లాస్టిక్ సీసాతో ఈ పని కాదు.

ఇంకో సంగతి బయట పరిగెత్తితేనే తెలిసింది. కుడిచేతి సీసా ముందు ఖాళీ చేసి, తర్వాత ఎడమది తీస్తే, మధ్యలో బెల్ట్ ఎడమకు తిరిగిపోతుంది. పావుకిలో తేడా నడుముకు బాగా తెలుస్తుంది. ఒక గుక్క కుడి, తర్వాతి గుక్క ఎడమ అని అలవాటు చేసుకుంటే బెల్ట్ కదలదు.

ఫోన్ ఇందులో పెట్టొద్దు. 190 గ్రాముల ఫోన్‌ని ముందు జేబులో పెట్టి చూస్తే ఎగరడం 2 సెం.మీ. దాటింది. చిన్న తాళంచెవి, మడిచిన నోటు, అంతవరకే.

దశ 5: చర్మం

పది కిలోమీటర్ల దాకా ఏమీ అనిపించదు. పద్దెనిమిది దాటాక, స్నానానికి నీళ్లు పోసుకున్నప్పుడు నడుము వెనక భగ్గుమంటుంది.

వెతికితే రెండు చోట్ల దెబ్బ. ఒకటి, పట్టీ కొస. పోగులు ఊడకుండా కొవ్వొత్తి మంట చూపిస్తారు కదా, కరిగి గట్టిపడిన ఆ అంచు పదునుగా ఉండి చర్మాన్ని గీరింది. కొసని లోపలికి రెండు మడతలు వేసి కుట్టిస్తే ఇది పూర్తిగా పోయింది. రెండు, పట్టీ కింది అంచు పొడవునా ఎర్రటి గీత. చెమట ఆరి ఉప్పు పొడిగా మారి, గరుకు నేత మధ్య ఉప్పుకాగితంలా పనిచేస్తుంది. వెనక పట్టీ లోపలివైపు పాత డ్రైఫిట్ (చెమట త్వరగా ఆరే రకం) టీషర్టు గుడ్డ రెండు పొరలు వేసి, అంచు మీదుగా మడిచి కుట్టించాను.

కొబ్బరినూనె రాసి చూశాను. గంటకే ఇంకిపోయింది, పైగా పట్టీకి జిడ్డు పట్టింది. పెట్రోలియం జెల్లీ రెండున్నర గంటలు నిలిచింది. టీషర్టు లోపల బెల్ట్ కట్టడం కంటే, టీషర్టుని నిక్కరులో దోపి దాని మీద కట్టడమే మేలు. గుడ్డకీ బెల్ట్‌కీ మధ్య జరిగే రాపిడి చర్మానికి తగలదు.

గుడ్డ అంచు పట్టీ రూ. 40, ముందు జేబుకు చిన్న జిప్పు రూ. 20, కూలి రూ. 60.

ఇప్పటిదాకా లెక్క: ఖర్చు రూ. 1,035. బెల్ట్ 136 గ్రాములు. నిండు బరువు 712 గ్రాములు.

దశ 6: సీసాల్లో ఏం పోయాలి

ఒక సీసాలో మామూలు నీళ్లు, ఒకదాంట్లో ఓఆర్‌ఎస్. రెండూ ఓఆర్‌ఎస్ అయితే నోరు కడుక్కోవడానికి, మెడ తడుపుకోవడానికి ఏమీ మిగలదు.

డబ్ల్యూహెచ్‌ఓ సూత్రం ప్రకారం లీటరుకు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, సోడియం సిట్రేట్ 2.9. మొత్తం 20.5 గ్రాములు. 250 మి.లీ.లో సోడియం సుమారు 430 మి.గ్రా. వస్తుంది. కొనేటప్పుడు పేరు కాకుండా వెనక ఉన్న ఈ అంకెలు చూడాలి. పంచదార ఎక్కువగా, లవణాలు తక్కువగా ఉన్న పానీయాలు ఏళ్ల తరబడి ఓఆర్‌ఎస్ పేరుతో అట్టపెట్టెల్లో అమ్ముడయ్యాయి. మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఎన్నో ఏళ్లు పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు అలాంటి పానీయాల మీద వాడకూడదని ఆదేశించింది. పసిపిల్లల కోసం ఆవిడ చేసిన ఆ పని వల్ల రోడ్డు మీద పరిగెత్తే మనకూ మేలు జరిగింది.

1. లీటరు పొట్లం మొత్తం లీటరు నీళ్లలో కలపాలి. పావు పొట్లం చేతి అంచనాతో పోయొద్దు.
2. అందులోంచి 250 మి.లీ. సీసాలోకి. మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టి 24 గంటల్లోపు వాడేయాలి, లేదా పారబోయాలి.
3. రాత్రి పరుగు సామాను సర్దేటప్పుడు సీసాని ఫ్రిజ్‌లో పెడితే ఉదయం మొదటి గంట చల్లగా ఉంటుంది. గడ్డ కట్టించొద్దు, వెన్నుకు మంచు ఆనితే కండరం పట్టేస్తుంది.

ఓఆర్‌ఎస్‌ని శక్తి కోసం నమ్ముకోవద్దు. 250 మి.లీ.లో ఉండే గ్లూకోజ్ మూడున్నర గ్రాములు కూడా లేదు. గంట దాటిన పరుగుకు తిండి వేరే కావాలి. జిప్పు అరలో రెండు ఖర్జూరాలు, గింజ తీసినవి, పడతాయి. పల్లీపట్టీ పెట్టి చూస్తే ఎండకు కరిగి జిప్పుకు అంటుకుపోయింది. మజ్జిగ కూడా పోసి చూశాను. అడుగు అడుగుకీ చిలికినట్టయి, మూత తీయగానే నురగ పొంగింది.

మూత సంగతి విడిగా చెప్పాలి. లవణాలు, గ్లూకోజ్ ఆరి పిస్టన్ మూత బిగుసుకుపోయింది. 14వ కిలోమీటరు దగ్గర పళ్లతో లాగినా రాలేదు. ఇంకో వారం అదే మూత సరిగ్గా కూర్చోక కారి, తొడ దాకా జిగట. ఇంటికి రాగానే మూతని మూడు భాగాలుగా ఊడదీసి వేడినీళ్లలో వేయాలి. వారానికోసారి వంటసోడా నీళ్లలో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో లోపలి గాడి రుద్దాలి. ఆ గాడిలో నల్లటి బూజు పడుతుంది, బయటికి కనబడదు.

దశ 7: పొడవు పరుగులు, ఫ్లైఓవర్లు

ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్ నెక్లెస్ రోడ్డు మీది పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తుంది. దారిలో ఫ్లైఓవర్లు, ఎత్తుపల్లాలు చాలా. అందుకని ట్రెడ్‌మిల్ అంకెలతో సరిపెట్టుకోకుండా ఫ్లైఓవర్ల మీద చూశాను. ఎక్కేటప్పుడు బెల్ట్ ఉన్నట్టే తెలియదు. దిగేటప్పుడే పరీక్ష. అడుగు బలంగా పడుతుంది, బెల్ట్ పైకి పాకాలని చూస్తుంది. దిగువ మొదలయ్యే ముందు సర్దుబాటు బకిల్‌ని ఒక వేలెడు లాగితే నిలబడింది. చదునుకు రాగానే మళ్లీ వదలాలి, లేదంటే పొట్టలో పోటు తిరిగొస్తుంది.

గండిపేట దారిలో 24 కి.మీ. పరుగుకు 8 కి.మీ. లెక్క పనిచేసింది. 8 దగ్గర పెట్రోల్ బంకులో నింపుకున్నాను. 16 దగ్గర అప్పటికి తెరిచిన టీకొట్టులో. 'అన్నా, నీళ్లు పట్టుకోవచ్చా' అంటే కాదన్నవాళ్లు లేరు. నింపుకోవడానికి సీసా మూతి వెడల్పుగా ఉండాలి, లేకపోతే బిందె నుంచి గ్లాసుతో పోసేటప్పుడు సగం కిందికే. ఆ పరుగంతటికీ తాగింది 1.4 లీటర్లు, తగ్గిన బరువు 1.3 కిలోలు. 2 శాతం లోపే.

రేసు రోజుకు మాత్రం నిండు బెల్ట్ అనవసరం. వరల్డ్ అథ్లెటిక్స్ నియమాల ప్రకారం రోడ్డు పరుగుల్లో సుమారు 5 కి.మీ.కి ఒకచోట నీళ్లు ఉండాలి, మన దగ్గర పెద్ద రేసుల్లో అంతకంటే దగ్గర దగ్గరగానే పెడతారు. నీళ్లు వాళ్ల దగ్గర తాగి, ఓఆర్‌ఎస్ ఒక్క సీసా వెంట ఉంచుకుంటే చాలు. ఒక్క సీసాతో వెళ్లేటప్పుడు దాన్ని పక్క జేబులో పెడితే బెల్ట్ తిరుగుతుంది కాబట్టి రెండు జేబుల మధ్య ఖాళీలో మూడో జేబు కుట్టించే పని మిగిలి ఉంది. ల్యాప్‌టాప్ సంచి ముక్క ఇంకా ఉంది, కూలి రూ. 40 అడిగాడు.

వేరే కొలతవాళ్లకు కత్తిరింపు

వెనక పట్టీ 36 సెం.మీ. ఎవరికైనా అంతే ఉంచొచ్చు, రెండు సీసాలకు అంత చోటు కావాలి. తుంటి చుట్టుకొలత 75 లోపు ఉన్నవాళ్లు మాత్రం 32కి తగ్గించి 200 మి.లీ. సీసాలు పెట్టుకోవాలి. ఎలాస్టిక్ ముక్కలు రెండూ 10 చొప్పున, ఇవి మార్చొద్దు. చుట్టుకొలతలోంచి వెనక పట్టీని, సాగిన ఎలాస్టిక్ 28 సెంటీమీటర్లను తీసేస్తే మిగిలేది ముందు పట్టీ. 100 సెం.మీ. తుంటికి అది 36 అవుతుంది. సర్దుబాటు కోసం కొస 12 సెం.మీ. అదనంగా వదిలి, గాలికి కొట్టుకోకుండా దాన్ని చిన్న ఎలాస్టిక్ ఉంగరంలో దోపాలి. చలికాలంలో జాకెట్ మీద కట్టుకోవాల్సి వచ్చినప్పుడు ఆ 12 పనికొస్తాయి.